ట్రాక్టరు, ట్రాలీ రోడ్డెక్కితే: తరచుగా అడిగే ప్రశ్నలు

నాట్లప్పుడూ కోతలప్పుడూ ట్రాక్టరున్న రైతులు అడిగే సందేహాలు ఏటా దాదాపు ఇవే. అందుకే ఒకచోట రాసి పెట్టాం. ఇంజిను గురించి మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చలానాలు, బీమా తగాదాలు, ప్రాణం మీదికొచ్చే ప్రమాదాలు మాత్రం ఎక్కువగా సీటు వెనక తగిలించినదాని దగ్గరే మొదలవుతాయి. ట్రాలీ అని రాసినచోట మీ వైపు వాడుకలో ఉన్న ట్రక్కు, తొట్టి అనే అనుకోండి. ఇక్కడ చెప్పిన జరిమానాలు కేంద్ర మోటారు వాహనాల చట్టంలో ఉన్నవి. రోడ్డు మీద అప్పటికప్పుడు రాసే చలానా మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

## కొనేటప్పుడు, కాగితాల దగ్గర

ట్రాక్టరుకు నంబరుంది కదా, ట్రాలీకి మళ్లీ రిజిస్ట్రేషన్ ఎందుకు?

చట్టం లెక్కలో ట్రాలీ విడి వాహనం. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం ట్రాలీకి సొంత నంబరు ఉండాలి, అది ట్రాలీ పక్కభాగాన కనిపించాలి. దాన్ని లాగే ట్రాక్టరు నంబరు ట్రాలీ వెనక కూడా ఉండాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండోదే. వెనక నుంచి చూసేవాళ్లకు ట్రాక్టరు నంబరు ఎలాగూ కనబడదు, అందుకే ఈ రూలు. ఒకే ట్రాలీని అన్నదమ్ముల రెండు ట్రాక్టర్లకూ మార్చి మార్చి తగిలించే ఇళ్లు చాలా ఉంటాయి. అలాంటివాళ్లు వెనక పెయింటుతో రాయించే బదులు విప్పి మార్చుకునే ప్లేటు చేయించుకుంటే మంచిది.

వెల్డింగ్ షాపులో ట్రాలీ చవగ్గా చేసిస్తామంటున్నారు. చేయించుకోవచ్చా?

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి: ఫారం 21, ఫారం 22 ఇస్తారా? మొదటిది అమ్మకం ధ్రువపత్రం, రెండోది వాహనం రోడ్డు ప్రమాణాలకు సరిపోతుందని తయారీదారు ఇచ్చే పత్రం. ఆమోదం పొందిన డిజైను ఉన్నవాళ్లే వీటిని ఇవ్వగలరు. ఇవి లేకపోతే ఆర్టీఏ ఆఫీసులో రిజిస్ట్రేషన్ కాదు. అది కాకపోతే బీమా కూడా చిక్కే. మిగిలిన డబ్బు ఒక్క ప్రమాదంతో పోతుంది. పైగా అలాంటి ట్రాలీల ఇరుసు ఎంత బరువు మోస్తుందో చేసినవాడికే లెక్క ఉండదు.

ట్రాలీకి వేరే బీమా కట్టాలా? ట్రాక్టరుది సరిపోదా?

ట్రాక్టరు పాలసీలోనే ట్రాలీని చేర్పించి, దాని ప్రీమియం కట్టొచ్చు. పాలసీ కాగితం మీద ట్రాలీ వివరాలు ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఏజెంటు "అన్నీ వచ్చేశాయి" అంటే సరిపోదు. ట్రాలీ తగిలి ఎవరైనా గాయపడితే కంపెనీ వెతికే మొదటి లైను అదే. అసలు థర్డ్ పార్టీ బీమాయే లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. రెండోసారి జరిమానా 4,000.

పొలం పని లేనప్పుడు ఇసుక, ఇటుక కిరాయికి తోలొచ్చా?

వ్యవసాయ ట్రాక్టరుగా రిజిస్టరైన బండిని కిరాయి సరుకుకు వాడటం కుదరదు. కిరాయికే తోలాలనుకుంటే రవాణా వాహనంగా రిజిస్ట్రేషన్ మార్పించుకుని, దానికి తగ్గ పన్ను, ఫిట్‌నెస్, బీమా చూసుకోవాలి. మీ వడ్లు మార్కెట్ యార్డుకు తోలుకోవడం, ఎరువుల బస్తాలు తెచ్చుకోవడం వ్యవసాయం కిందికే వస్తాయి. ఇసుక, మట్టి, ఇటుక రావు. పట్టుబడితే చలానాతో పోతుంది. ఇటుక లోడుతో ప్రమాదమైతే "వ్యవసాయానికే అని పాలసీ ఇచ్చాం" అని కంపెనీ అడ్డం తిరుగుతుంది, అసలు దెబ్బ అక్కడ తగులుతుంది.

ట్రాక్టరు రిజిస్ట్రేషన్ ఎన్నేళ్లు చెల్లుతుంది?

వ్యవసాయ ట్రాక్టరు రవాణాయేతర వాహనం కాబట్టి 15 ఏళ్లు. ఆ తర్వాత బండిని తనిఖీ చేసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. ఆర్‌సీ బీరువాలో ఉందని ఊరుకోకుండా దాని మీద తేదీ ఒకసారి చూసుకోండి.

## నడిపేవాళ్ల గురించి

మా వాడికి కారు లైసెన్సు ఉంది. ట్రాక్టరు నడపొచ్చా? ట్రాలీ తగిలిస్తే?

నడపొచ్చు. ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టరు చట్టం ప్రకారం లైట్ మోటార్ వెహికల్ (ఎల్‌ఎమ్‌వీ). మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లు ఈ బరువుకు చాలా దిగువనే ఉంటాయి. ట్రాలీ తగిలిస్తే అది రవాణా వాహనం అయిపోతుందని, ఆ లైసెన్సు చెల్లదని బీమా కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించాయి. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 2024 నవంబర్ 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది: 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి ఎల్‌ఎమ్‌వీ లైసెన్సు చాలు. బైకు లైసెన్సు మాత్రం పనికిరాదు. "బండి నడపడం వచ్చు, లైసెన్సు కూడా ఉంది" అని చూపించేది చాలాసార్లు అదే అవుతుంది.

మా అబ్బాయికి పదహారేళ్లు. పొలం బ్రహ్మాండంగా దున్నుతాడు. ఊళ్లోంచి ఇంటికి తోలుకొస్తే ఏమవుతుంది?

వాడి కేసు కాదు, మీ కేసు అవుతుంది. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపితే తండ్రి లేదా బండి యజమాని శిక్షార్హుడు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. డ్రైవింగ్ మీద బతకాలనుకునే పిల్లవాడికి ఇది చిన్న దెబ్బ కాదు. దున్నడంలో చెయ్యి తిరిగినవాడికి రోడ్డు కూడా వచ్చేసినట్టే అనుకుంటారు. పొలంలో ఎదురొచ్చే బస్సు ఉండదు.

డొంక దాటి అవతలి పొలంలోకి వెళ్లడానికి కూడా ఇవన్నీ కావాలా?

కావాలి. జనానికి నడిచే హక్కున్న దారి ఏదైనా చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే. తారు వేశారా, మట్టిదా అన్నది లెక్కలోకి రాదు. డొంక, పంచాయతీ సిమెంటు రోడ్డు, అందరూ తిరిగే చెరువు కట్ట దీని కిందికి వస్తాయి. డొంకలో ఎవరూ ఆపి అడగరన్నది నిజమే. అక్కడ ఎవరికైనా తగిలితే మాత్రం లైసెన్సు, బీమా ప్రశ్నలన్నీ హైవే మీద వచ్చినట్టే వస్తాయి.

కాగితాలు ట్రాక్టరు మీద పెడితే తడిసిపోతున్నాయి. ఫోన్లో చూపిస్తే ఒప్పుకుంటారా?

ఒప్పుకోవాలి. డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ చూపించే ఆర్‌సీ, లైసెన్సు, బీమా అసలు కాగితాలతో సమానమని 2018లోనే రూలు మార్చారు. ఫోన్లో తీసి పెట్టుకున్న ఫొటోకు ఆ విలువ లేదు. బండి మీ పేరున ఉండి నడిపేది జీతగాడైతే అతని ఫోన్లో కూడా వేసి పెట్టండి.

## రోడ్డెక్కే ముందు

రెండు బ్రేకులు కలిపే లాకు నిజంగా వెయ్యాలా? పొలంలో తీసెయ్యమంటారుగా?

ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ట్రాక్టరుకు కుడి కాలి దగ్గర రెండు బ్రేకు పెడల్స్ ఉంటాయి, ఒకటి ఎడమ వెనక చక్రానికి, ఇంకోటి కుడి వెనక చక్రానికి. పొలంలో గట్టు దగ్గర చటుక్కున తిప్పడానికి ఒకదాన్నే తొక్కుతాం. రెంటినీ కలిపే లాకు అంటే పెడల్ పక్కనుండే వేలెడంత ఇనప ముక్క, అంతే. తిప్పి రెండో పెడల్ మీదికి వెయ్యడానికి క్షణం కూడా పట్టదు. అది వెయ్యకుండా లోడుతో రోడ్డు మీద వెళ్తూ కంగారులో ఒక్క పెడల్ తొక్కారంటే ఒక చక్రం బిగుసుకుంటుంది, ట్రాక్టరు ఆ పక్కకు లాగేస్తుంది, వెనక ట్రాలీ తోస్తుంది. బోల్తా కొట్టడానికి ఇంకేం కావాలి? పాత ట్రాక్టర్లలో ఈ లాకు తుప్పుపట్టి కదలదు, లేదా ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. మెకానిక్కుతో వేయించండి. లాకు వేశాక రెండు చక్రాలూ సమానంగా పడుతున్నాయో లేదో ఖాళీ జాగాలో చూసుకోండి. రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాకు కూడా రోడ్డెక్కే ముందు తీసెయ్యాలి, లేకపోతే మలుపు దగ్గర బండి మాట వినదు.

దమ్ము చక్రాలతో పక్క ఊరికి వెళ్లొచ్చా? రెండు కిలోమీటర్లే.

వెళ్లకూడదు. రోడ్డు మీద తిరిగే వాహనానికి గాలి టైర్లు ఉండాలన్నది కేంద్ర రూలు. దమ్ము చక్రాల (కేజీ వీల్స్) ఇనప పట్టీలు కొత్త తారు రోడ్డును ఒక్క సీజన్లోనే గీతలు గీతలుగా లేపేస్తాయి. ఆ గీతల్లో నీళ్లు నిలిచి గుంతలవుతాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ నాట్ల సీజను రాగానే అధికారులు హెచ్చరికలు ఇస్తారు, బండి సీజ్ చేసిన సందర్భాలూ ఉన్నాయి. దారి ఒక్కటే: చక్రాలు విప్పి ట్రాలీలో వేసుకెళ్లి పొలం గట్టు దగ్గర బిగించుకోవడం. ఇద్దరు మనుషుల పని, చిరాకే. కానీ ఊరి రోడ్డు మళ్లీ ఎప్పుడు వేస్తారో మీకు తెలియంది కాదు.

గడ్డి, పత్తి ఎంత ఎత్తు వేసుకోవచ్చు?

లోడు ట్రాలీ పక్కలకు, వెనక్కు పొడుచుకు రాకూడదు, ఎత్తు కూడా హద్దు దాటకూడదు. అలా దాటితే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, లోడు దింపించే ఖర్చు అదనం. ఆర్‌సీలో రాసిన బరువు మించితే 20,000కు తోడు టన్నుకు 2,000 చొప్పున పడుతుంది. గడ్డి లోడుకు బరువు సమస్య ఉండదు, కరెంటు తీగలతోనే భయం. ఎండాకాలం కిందికి జారిన తీగ పైన గడ్డికి తగిలితే మంట అంటుకున్నట్టు డ్రైవరుకు కాసేపటిదాకా తెలియదు. మీరు వెళ్లే దారిలో తీగలు ఎక్కడ వేలాడుతున్నాయో ముందే చూసుకోండి. హుక్కు పిన్ను చేత్తో లాగితే వచ్చేలా ఉండాలి. నిప్పంటుకుంటే ఇళ్లకు దూరంగా ఆపి, పిన్ను లాగి, ట్రాక్టరును ముందుకు తీసేయడమొక్కటే చెయ్యగలిగేది.

ట్రాలీ ఎక్కడ తగిలించినా ఒకటే కదా?

కాదు. ట్రాలీని దాని కోసం కింద ఇచ్చిన హుక్కుకే తగిలించాలి. లాగే చోటు వెనక ఇరుసు కంటే పైన ఉంటే, కాలువ గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి. ట్రాక్టరు వెనక్కి తిరగబడితే దూకే టైము ఉండదు. రోటవేటరు, కల్టివేటరు లాంటివి తగిలించి వెళ్తుంటే పైకెత్తి, కిందికి జారకుండా లాకు చేసి, పీటీవో (పనిముట్టును తిప్పే వెనక షాఫ్టు) ఆపేసి కదలండి.

రాత్రిపూట ముందు రెండు లైట్లు వెలుగుతున్నాయి. చాలవా?

మీకు దారి కనిపించడానికి చాలు. వెనక వచ్చేవాడికి మీరు కనిపించాలి కదా! పొద్దుగూకిన అరగంట నుంచి, మంచు పట్టినా మబ్బు కమ్మినా ఆ వేళల్లో కూడా లైట్లు వెయ్యాలి. ట్రాలీ వెనక ఎర్ర లైట్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి, పక్కలకు పసుపు రేడియం టేపు వేయించండి. ట్రాలీ లైటు వైరు ప్లగ్గు ఊడి నేలకు రాసుకుంటూ పోవడం రోజూ చూసేదే, కదిలే ముందు ఒకసారి గుచ్చి చూడండి. దమ్ము చేసి వచ్చిన రోజు రిఫ్లెక్టర్ల మీద బురద పొరలా ఎండిపోతుంది. గోనె పట్టాతో తుడిస్తే పోతుంది. తుడవకపోతే ఆ రిఫ్లెక్టరు ఉన్నా లేనట్టే. పొలంలో పని కోసం వెనక పెట్టించుకున్న తెల్ల లైటును రోడ్డు మీద ఆపేయండి. అది వెనక వచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది, మీ బండి ఎదురొస్తోందనుకుంటారు.

## రోడ్డు మీద

కూలీలను ట్రాలీలో తీసుకెళ్లకపోతే ఎలా తీసుకెళ్లాలి? అందరూ తీసుకెళ్తున్నారుగా?

అందరూ తీసుకెళ్తున్నది నిజం, అది చట్టవిరుద్ధమన్నదీ నిజం. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలో కూలీల ట్రాక్టరు ఏఎంఆర్‌పీ కాలువలో పడి తొమ్మిది మంది పోయారు. మూడు నెలలు తిరక్కముందే, జూన్‌లో, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఎక్కువమంది కూలికి వెళ్లే ఆడవాళ్లే. ట్రాలీ కాలువలోకి తిరగబడితే లోపలున్నవాళ్లు దాని కిందే ఉండిపోతారు, ఈత వచ్చినా ఏం లాభం లేదు. కూలీలకు ఆటోనో, ప్యాసింజర్ వ్యానో మాట్లాడితే మనిషికి ఇంత అని పడుతుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే అసలు పేచీ. మా అభిప్రాయం అడిగితే, పని చేయించుకునే రైతే పెట్టుకోవాలి. ప్రమాదమైతే పరిహారం ఆయన మెడకే చుట్టుకుంటుంది కాబట్టి ఆయనకూ అదే చవక.

మడ్‌గార్డు మీద ఒక్కడే కూర్చుంటాడు. దానికీ తప్పేనా?

తప్పే. ట్రాక్టరుకు ఉండేది ఒక్క సీటు, అది డ్రైవరుది. గుంతలో చక్రం పడితే మడ్‌గార్డు మీదున్నవాడు ముందుకో పక్కకో జారడు, పెద్ద చక్రానికీ ట్రాలీకీ మధ్య పడతాడు. చిన్నపిల్లల్ని ముచ్చటకు కూడా అక్కడ కూర్చోబెట్టకండి.

ట్రాక్టరుకు టోల్ కట్టాలా?

జాతీయ రహదారుల మీద ట్రాక్టరుకు, వరికోత మిషనుకు టోల్ లేదు. అయితే 2008 ఫీజు రూల్స్‌లోనే ఇంకో మెలిక ఉంది: పక్కన సర్వీసు రోడ్డు గానీ వేరే దారి గానీ ఉన్నచోట ఇవి హైవే మీదికి రాకూడదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మెయిన్ లేన్లలోకి ట్రాక్టర్లకు అసలు ప్రవేశం లేదు, సర్వీసు రోడ్డు మీదే వెళ్లాలి. ఇందులో అన్యాయమేమీ లేదు. గంటకు వంద కిలోమీటర్ల మీద వచ్చే కారుకు ముందు ముప్పై మీద పోయే ట్రాక్టరు ఆగి ఉన్నట్టే లెక్క.

యూ టర్ను దూరమని హైవే మీద కాస్త రాంగ్ రూట్లో వస్తాం. పర్లేదా?

పర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఎదురు దిశలో నడపడం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగే. డీజిలు కొంచెం మిగులుతుంది, అంతే.

ఏటవాలు దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిలు మిగులుతుందంటారు?

వెనక లోడు ట్రాలీ ఉన్నప్పుడు న్యూట్రల్ వేస్తే బండిని మీరు నడపట్లేదు, ట్రాలీ తోస్తోంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. మధ్యలో క్లచ్ తొక్కకండి.

పాటలు పెట్టుకుంటే చలానా రాస్తారా?

పాట తప్పు కాదు, హారన్ వినపడనంత సౌండు తప్పు. పెద్ద స్పీకర్లు బిగించిన ట్రాక్టరు వెనక అంబులెన్సు ఎంత మోగినా డ్రైవరుకు తెలియదు, ఆ టెన్షన్ అంతా వెనకున్నవాళ్లదే. రోడ్డెక్కాక సౌండు తగ్గించండి.

సాయంత్రం కొంచెం కల్లు తాగితే మిషన్లో పడుతుందా?

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే కేసు. అది కల్లా, బ్రాందీయా అని మిషన్ అడగదు. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

బండి మధ్య దారిలో ఆగిపోతే?

వీలైనంత పక్కకు తీయండి. లోడు ట్రాలీని రోడ్డు మీద వదిలి, ట్రాక్టరు మాత్రం తీసుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్లిపోవడం మహా ప్రమాదం. చీకట్లో దాన్ని గుద్దుకునేది బైకు మీద వచ్చే ఊరివాడే. ఎవరో ఒకరు అక్కడ ఉండాలి, వెనక చాలా దూరం నుంచే కనిపించేలా రిఫ్లెక్టర్ త్రికోణం పెట్టాలి. చెట్టుకొమ్మలు, రాళ్లు పెడితే తర్వాత వాటిని తియ్యడం మర్చిపోతారు, అవే ఇంకో ప్రమాదం తెస్తాయి. వేరే బండితో లాగిస్తే రెండింటి మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు.

వరికోత మిషను, జేసీబీ సంగతేంటి?

చైను మిషన్ను లారీ మీదో డీసీఎం మీదో ఎక్కించే తీసుకెళ్లాలి. టైర్ల మిషనైతే వెడల్పు బట్టి కట్టరు విప్పి వెనక లాక్కెళ్లడం మేలు. జేసీబీ లాంటివాటికీ రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. బరువు 7,500 కిలోలు దాటిన మిషనుకు కారు లైసెన్సు చాలదు.

## ప్రమాదం జరిగితే

జనం కొడతారని భయం. అక్కడ ఆగాలా?

గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యతని 134వ సెక్షన్ చెబుతోంది. జనం ఆగ్రహం వల్ల సాధ్యం కాకపోతే మినహాయింపు కూడా అదే సెక్షన్లో ఉంది. అలాంటప్పుడు నేరుగా స్టేషనుకు వెళ్లండి, 24 గంటల లోపు పోలీసులకు చెప్పాలి. 108కి ఫోన్ చేయడానికి మాత్రం ఏదీ అడ్డం రాదు. బీమా కంపెనీకి కూడా వెంటనే తెలపండి.

ఆసుపత్రి వాళ్లు ముందు డబ్బు కట్టమంటే?

2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రుల్లో లక్షన్నర రూపాయల దాకా, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు నగదు లేకుండా వైద్యం చేయాలి. ఆ పథకం పేరు చెప్పి అడగండి. సాయం చేసి ఆసుపత్రికి తెచ్చిన మనిషిని కేసుల్లో ఇరికించకూడదన్న రక్షణ కూడా చట్టంలో ఉంది.

ట్రాలీలో ఉన్న కూలీలకు బీమా కంపెనీ ఇవ్వనంటోంది. ఇక అంతేనా?

ట్రాక్టరు పాలసీ మామూలుగా ట్రాలీలో ప్రయాణించేవాళ్లకు వర్తించదు. 2007లో బ్రిజ్ మోహన్ కేసులో ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాలీలో ఉన్న కూలీకి కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఆ మనిషి పరిస్థితి చూసి ముందు కంపెనీనే చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమంది. అందరికీ ఇలాగే జరుగుతుందన్న హామీ లేదు, జరిగినా చివరికి కట్టేది ట్రాక్టరు యజమానే. బాధిత కుటుంబం మాత్రం ఆలస్యం చేయకుండా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి.

## అమ్మేటప్పుడు

ట్రాక్టరు అమ్మేసి ఏడాదైంది, కొన్నాయన పేరు మార్పించుకోలేదు. నాకేం సంబంధం?

ఆర్‌సీలో పేరున్నంత కాలం సంబంధం ఉంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, పరిహారం వాళ్లే కట్టాలి. తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందం ట్రిబ్యునల్లో మిమ్మల్ని కాపాడదు. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో మీరు రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో తెలపాలి. ఫైనాన్సు ఉంటే ముందు అప్పిచ్చినవాళ్ల దగ్గర అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌వోసీ) తెచ్చుకోండి. ట్రాలీ కూడా కలిపి అమ్మితే దాని ఆర్‌సీ మార్పు విడిగా చేయించాలి, ట్రాక్టరు పేరు మారినంత మాత్రాన ట్రాలీది మారదు.